డ్రాయింగులు వచ్చినయ్ సరే, పని వచ్చిందా?

ప్రశ్న: సార్, మాది మడికొండల చిన్న సీఎన్‌సీ (కంప్యూటర్‌తోటి నడిచే మిషిన్ల) యూనిట్. జపాన్ టెక్నాలజీతోటి షాఫ్టులు చేసే ఒక పుణె కంపెనోళ్లు ఆ పని మాకు నేర్పించి ఇక్కడనే చేయిస్తమంటున్నరు, ఆరు నెలలల్ల సప్లై మొదలుకావాల్నంట, ముందుగాల ప్లాన్ పంపుమన్నరు. ఎంఎస్ ప్రాజెక్ట్ కొనాల్నా, ఎక్సెల్‌ల గాంట్ చార్ట్ గీస్తే నడుస్తదా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఎక్సెల్ మంచిగ నడుస్తది, దానికి పరేషాన్ కాకుండ్రి. గాంట్ చార్ట్ అంటే ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోవాల్నో గీసుకునే పట్టికనే గదా, తిప్పలంతా ఆ చార్టుల ఏం రాస్తమన్న దగ్గరనే. 'డ్రాయింగులు అందినయ్', 'ట్రైనింగ్ అయింది' అని రాసుకొని పచ్చరంగు కొట్టుకుంటరు చాలామంది, ఆ రంగు చూసి ఓనర్ ఖుషీ, తీరా ఆళ్ల ఇంజనీర్ పుణె బండెక్కినంక సైజు తప్పుతది. అందుకే పక్కన ఎవ్వలు లేకుండ మీ ఆపరేటరే సెట్టింగ్ పెట్టి పీసు తీసి కొలిచి చూపిస్తేనే ఆ లైన్ అయిపోయినట్టు లెక్క రాయుండ్రి.

ఇంకోటి మెటీరియల్. డ్రాయింగ్‌ల ఎస్45సీ అనే జపాన్ స్టీల్ గ్రేడ్ ఉంటది, షాపాయననేమో ఈఎన్8 అనే బ్రిటిష్ గ్రేడ్ తీస్కపో రెండూ ఒకటే అంటడు. ఎస్45సీల కార్బన్ 0.42 నుంచి 0.48 శాతం, ఈఎన్8ల 0.36 నుంచి 0.44, హీట్ ట్రీట్‌మెంట్ అయినంక హార్డ్‌నెస్‌ల ఆ తేడా బయటపడొచ్చు. మార్చాల్నంటే కస్టమర్ రాసి ఒప్పుకోవాలె, ఆ ఒప్పుకోలు కోసం ఎదురుచూసే రోజులు గూడ చార్టుల ఒక లైనే, అది ఎవ్వలూ గీయరు.

పీసును పట్టి ఉంచే ఫిక్చర్లు, సైజు చూసే గేజులు వచ్చేదాక ట్రయల్ కాదు, ట్రయల్ కాకుంటే శాంపిల్ పోదు, సాధారణంగ మీ క్రిటికల్ పాత్, అంటే ఒక్క రోజు లేటైతే మొత్తం పనే లేటయ్యే వరుస, ఇదే. సప్లయర్ చెప్పిన తారీఖు నమ్మి కూసోకుండ్రి. 1958ల అమెరికా నేవీ పొలారిస్ మిసైల్ కోసం తెచ్చిన పెర్ట్ లెక్క ఉంది గదా, అది పట్టుకోండ్రి: అన్నీ కలిసొస్తే 6 వారాలు, మామూలుగ 8, గోలైతే 16 అనుకుంటే 6కు నాలుగు ఎనిమిదులు, 16 కలిపి ఆరుతోటి భాగిస్తే 9 వారాలు. అంటే 8 అని రాస్తే అక్కడనే ఒక వారం పోయినట్టు.

పీపీఏపీ అంటే సప్లై మొదలుకాకముందు పార్టును కస్టమర్ పాస్ చేసే పద్ధతి, దాంట్ల కస్టమర్ వేరే చెప్పకుంటే అసలు లైన్ మీద వరుసగ కనీసం 300 పీసులు తీయాలె, అదీ గంట నుంచి ఎనిమిది గంటల రన్‌ల. శాంపిల్‌కు ఏముంది అని పది ముక్కల స్టీల్ తెప్పించుకుంటే మళ్లా ఆర్డర్, మళ్లా లారీ.

పెద్దోళ్లు గూడ ఒక్కపాలి అంతా నేర్చుకోలే. 1983 డిసెంబర్‌ల మారుతి 800 బయటికొచ్చినప్పుడు చాలా పార్టులు జపాన్ నుంచే వచ్చినయ్, తర్వాత్తర్వాత ఒక్కొక్కటి ఇక్కడ చేసుడు షురూ అయింది. మన జహీరాబాద్‌ల ఆల్విన్ నిస్సాన్ బండ్లు చేసిన రోజులు మీ ఇంట్ల పెద్దోళ్లకు యాదుండొచ్చు. మీరు గూడ మొదలు ఒక్క షాఫ్టే తీసుకోండ్రి. ఇగ పైసల సంగతి, పని నేర్పినందుకు పుణె కంపెనోళ్లకు ఫీజు కట్టేదుంటే దాని ఆఖరి కిస్తు డ్రాయింగులు ఇచ్చిన రోజు గాదు, శాంపిల్ పాసైన రోజే అని అగ్రిమెంట్‌ల రాపిచ్చుకోండ్రి, సంతకం పెట్టినంక అడిగితే ఎవ్వలూ ఇయ్యరు.