బియ్యం కడిగే పని పిల్లలకు నేర్పుతున్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్లు. సెలవుల్లో బియ్యం కడగడం నేర్పుతున్నాను. నీళ్లు వంచేటప్పుడు గుప్పెడు గింజలు సింకులోకి పోతున్నాయి. పైగా తను కడిగిన రోజు అన్నం ముద్దవుతోంది. బియ్యం మారలేదు, ఎసరూ ఎప్పటిలాగే గ్లాసుకు రెండు గ్లాసులే పోస్తున్నాను. తేడా ఎక్కడ వస్తోంది?
– ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: రెండింటికీ కారణం ఒకటే, నీళ్లు వంచడం. కడగడం పిల్లలకు తొందరగానే వస్తుంది. వంచడానికే చెయ్యి తిరగాలి.

ముందు గిన్నె మార్చండి. కుక్కర్‌లో పెట్టే చిన్న గిన్నెలోనే కడిగిస్తే గింజలు పోక తప్పదు. గ్లాసు బియ్యానికి రెండు లీటర్లు పట్టే తపేలా ఇవ్వండి, అంచు బయటికి తిరిగి ఉంటే మరీ మంచిది. బియ్యం, నీళ్లు కలిపి సగం దాటకూడదు. సింకు పాప ఛాతీ ఎత్తులో ఉంటే మోచేతులు పైకి లేస్తాయి, మణికట్టు తిరగదు. జారని పీట వేసి నిలబెట్టండి. లేదంటే నేల మీదే కూర్చోబెట్టి ముందు ఒక బేసిన్ పెట్టండి. వెనకటి వంటిళ్లలో ఈ పని కూర్చునే చేసేవారు, పిల్లలకు ఇప్పటికీ అదే సులువు.

కొలిచేది పొడి బియ్యాన్నే. తడిసిన బియ్యాన్ని గ్లాసుతో కొలిస్తే లెక్క తప్పుతుంది. కొలిచిన బియ్యాన్ని పళ్లెంలో పలచగా పరిచి వేళ్లతో వెతకమనండి. మిల్లుల్లో రాళ్లు తీసే యంత్రాలు వచ్చాక సంచి బియ్యంలో బెడ్డలు తగ్గాయి కానీ, మెరిగలు, రంగు మారిన గింజలు అక్కడక్కడా తగులుతూనే ఉంటాయి. విడిగా కొన్న బియ్యమైతే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

మొదటి నీళ్లు బియ్యం మీద అంగుళం నిలిచేలా పోసి, వేళ్లు విడదీసి నాలుగైదు చుట్లు తిప్పి వెంటనే వంచెయ్యాలి. పొడిగా ఉన్న గింజ మొదట తగిలిన నీటిని తొందరగా పీలుస్తుంది. దుమ్ము, గోనెసంచి వాసన కలిసిన నీటిలో అది నానకూడదు. రెండో నీళ్లు, మూడో నీళ్లు నింపాదిగా చెయ్యొచ్చు. పిల్లలు సరదా కొద్దీ బియ్యాన్ని బట్టలు ఉతికినట్టు నలుపుతారు. గింజ విరిగి నూకవుతుంది, నూక ముందే ఉడికి గంజి వదిలి అన్నాన్ని ముద్ద చేస్తుంది. నానిన గింజ ఇంకా తేలిగ్గా విరుగుతుంది కాబట్టి, నానబెట్టేదేదో కడగడం అయ్యాకే.

ఇక వంచడం. చెయ్యి తీశాక అయిదు లెక్కపెట్టమనండి, గింజలు అడుగుకు దిగుతాయి. తపేలా అంచును బేసిన్ అంచుకు ఆనించి మెల్లగా వంచాలి. గింజల వరస అంచుకు రెండు వేళ్ల దూరానికి రాగానే ఆపెయ్యాలి. మీరు అరచెయ్యి అడ్డుపెట్టి వంచినట్టు తననూ వంచమనకండి. చిన్న చేతి వేళ్ల సందుల్లోంచే గింజలు జారేది. సింకులోకి కాకుండా బేసిన్‌లోకి వంచితే జారినవి అడుగున దొరుకుతాయి, పైపులోకి పోయి ఉబ్బి అడ్డం పడే బాధా ఉండదు. మొదటి రెండుసార్లు నీళ్లు కాస్త మిగిలినా పర్వాలేదు. ఆఖరిసారి మాత్రం జల్లెడలో పోసి రెండు నిమిషాలు ఉంచాలి.

అన్నం ముద్దవడం ఇక్కడి నుంచే. మీరు చివరి చుక్క దాకా వంచుతారు, పాప గింజలు పోతాయని ముందే ఆపేస్తుంది. అడుగున అరగ్లాసు నీళ్లు మిగిలాయనుకోండి, దాని మీద మీరు రెండు గ్లాసులు పోస్తే అది రెండున్నర గ్లాసుల ఎసరు. ఒకసారి అలా మిగిలిన నీటిని జల్లెడ కింద పట్టి, గ్లాసులో పోసి పాపకే చూపించండి. మాటల్లో చెప్పడం కంటే అది బాగా ఎక్కుతుంది.

వేలి కణుపుతో ఎసరు చూడటం మాత్రం ఇప్పుడే నేర్పకండి. మీ కణుపు ఇంచుమించు అంగుళం ఉంటుంది, పాపది అంతకంటే బాగా తక్కువ. గిన్నె వెడల్పు మారినా ఆ లెక్క మారిపోతుంది. ఎనిమిదేళ్లకు కొలిచి, ఏరి, కడిగి పెట్టడం చాలు. కుక్కర్ మూత, పొయ్యి పెద్దవాళ్ల పని.

ప్రశ్న: నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలంటారు మా అత్తగారు. విటమిన్లు పోతాయి, ఒక్కసారి చాలంటాడు ఆరో తరగతి చదివే మా అబ్బాయి. ఎవరి మాట నిజం?
– ఒక పాఠకురాలు, జయనగర్, బెంగళూరు

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. నీటిని పాలలా చేసేది మురికి కాదు, గింజ మీది పిండి, తవుడు. ఎన్నిసార్లు కడిగినా కొద్దిగా తెలుపు వస్తూనే ఉంటుంది. తేటపడేదాకా అని పిల్లలకు చెబితే ఆరేడుసార్లు కడుగుతారు. మూడుసార్లని అంకె చెప్పండి. మూడో నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు మసగ్గా అయినా కనిపించాలి, అది చాలు.

నీటిలో కరిగే బి1 లాంటి విటమిన్లు కొంత పోయే మాట నిజమే. అయితే పాలిష్ పట్టిన బియ్యంలో అవి మిల్లులోనే చాలావరకు తవుడుతో పోయి ఉంటాయి. ఉప్పుడు బియ్యంలో పోయేది తక్కువ, ఎందుకంటే వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడే తవుడు పొరలోని విటమిన్లు కొన్ని గింజ లోపలికి చేరతాయి.

ప్రశ్న: నురగ వస్తే శుభ్రమవుతుందని మా బాబు బియ్యంలో గిన్నెలు తోమే లిక్విడ్ వేశాడు. బాగా కడిగి వండుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: వద్దు, పారెయ్యండి. గింజ నీటితో పాటు దాన్నీ పీలుస్తుంది. కడగడం దుమ్ముకూ పిండికీ, క్రిముల సంగతి ఉడకడం చూసుకుంటుందని బాబుకు చెప్పండి. సబ్బు బియ్యానికి కాదు, బియ్యం ముట్టుకునే ముందు చేతులకు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, కొరత వస్తే ట్యాంకర్. వాటితో కడిగిన రోజు అన్నం పచ్చగా వస్తోంది. పిల్లలకు ఏ నీళ్లతో కడగమని చెప్పాలి?
– ఒక గృహిణి, సర్జాపూర్ రోడ్డు, బెంగళూరు

జవాబు: నీటిలో క్షారగుణం ఎక్కువైతే గింజలో సహజంగా ఉన్న రంగు పదార్థాలు పసుపుపచ్చకు తిరుగుతాయి. అందులో ముఖ్య పాత్ర కడిగిన నీటిది కాదు, ఎసరుది. మొదటి రెండుసార్లు కుళాయిలో వచ్చే ఆ నీళ్లే వాడి నిలవ ఉంచకుండా వంచెయ్యాలి, మూడోసారికీ ఎసరుకూ తాగే నీళ్లు. ఎసరుకు కూడా బోరు నీళ్లే దిక్కైతే నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే తెలుపు తేలుతుంది. వాసనో రంగో ఉన్న ట్యాంకర్ నీళ్లను మాత్రం కడగడానికి కూడా వాడకండి. కాస్తే క్రిములు చస్తాయి కానీ, కరిగిన ఉప్పులూ రసాయనాలూ ఎక్కడికీ పోవు.

ఇంకో సంగతి. కోస్తా నుంచి వచ్చిన పెద్దవాళ్లు గిన్నెలో అత్తెసరు పెడితే ఇక్కడ అన్నం పలుకుగా ఉందంటారు. అది పిల్లలు కడగడంలో లోపం కాదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇరవై నిమిషాలు నానబెట్టి, కాస్త ఎక్కువసేపు మగ్గనిస్తే సరి. కుక్కర్‌లో ఈ తేడా పెద్దగా తెలియదు.

ప్రశ్న: రేషన్ బియ్యం కడుగుతుంటే కొన్ని గింజలు తేలాయి. ప్లాస్టిక్ బియ్యమని పిల్లలు ఏరి పారేశారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, యలహంక, బెంగళూరు

జవాబు: కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజ ఆకారంలో ఒత్తిన బలవర్ధక గింజలవి. మామూలు బియ్యంలో నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. రంగు కాస్త వేరుగా ఉండొచ్చు, కొన్ని తేలొచ్చు. నీటితో పాటు వంచెయ్యకుండా ఉంచండి. తీసెయ్యాల్సింది పురుగు తొలిచి గుల్లయిన గింజలను. వేళ్ల మధ్య నొక్కితే అవి పొడైపోతాయి, పక్కన నల్లటి ముక్కు పురుగులూ కనిపిస్తాయి.

పురుగు పట్టకూడదని డబ్బాలో బోరిక్ పౌడర్ కలిపే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లలు కడిగే ఇంట్లో ఆ అలవాటు మానుకోండి. మూడుసార్లు కడగమని నేర్పిన పాప ఆ పొడి పూర్తిగా పోయిందో లేదో ఎలా చెప్పగలదు? ఎండిన వేపాకు, గట్టి మూత, నెలకు సరిపడా కొనుక్కోవడం చాలు. పురుగు పడితే నీడలో ఆరబోసి చెరగండి. మండుటెండలో పోస్తే గింజ పగిలి నూకవుతుంది.

ప్రశ్న: కడిగిన నీళ్లను కుండీల్లో పోస్తున్నాం. మంచిదేనా?
– ఒక పాఠకుడు, హెబ్బాళ, బెంగళూరు

జవాబు: మంచిదే. గ్లాసు బియ్యానికి మూడుసార్లకూ కలిపి లీటరున్నర దాకా వస్తాయి, రెండు మూడు కుండీలకు సరిపోతాయి. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు ఈ నగరంలోనే తాగునీటితో తోటలు తడిపినా, వాహనాలు కడిగినా 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఉప్పు కలవని నీళ్లే పొయ్యాలి, అదీ ఆ రోజే. మర్నాటికి పులిసి వాసనేస్తాయి, చీమలు పడతాయి. మూత లేని బకెట్లో రోజుల తరబడి నిలవుంటే దోమలు గుడ్లు పెడతాయి. కుండీ కింద పళ్లేల్లోకి దిగిన నీళ్లను పారబోసే పని కూడా పిల్లలకే అప్పగించండి.