ముందు గాలి, తర్వాత మనసు

ప్రశ్న: నేను ఒక వైజ్ఞానిక కల్పిత నవల రాస్తున్నాను. అందులో నక్షత్రనౌకలో పనిచేసే ఒక నావికుడు "ఎవరో నా తలలోకి చొరబడి ఆలోచనలు లాగేస్తున్నారు, నావి కాని జ్ఞాపకాలు పెడుతున్నారు" అని రాత్రివేళ కేకలు పెడతాడు. దాడి చేస్తున్నది ఎక్కడో దూరాన ఉన్న మరో జీవి. ఓడలో ఉన్న ఒకే ఒక వైద్యురాలు వచ్చీరాగానే అతని తలకు ఒక యంత్రం తగిలించి, ఇది మానసిక దాడేనని తేల్చేసినట్లు రాశాను. చదివిన మిత్రులు నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. నిజమైన వైద్యులు ఏం చేస్తారు?

జవాబు: మీ మిత్రుల మాటే నాకూ సబబుగా తోస్తోంది. యంత్రం ఉండటంలో తప్పులేదు, తేల్చేయడంలోని తొందరే తప్పు. తన తలలో ఎవరో ఆలోచనలు పెడుతున్నారన్న ఫిర్యాదు వైద్యులకు కొత్తది కాదు. దూరాన దాక్కున్న ఒక ముఠా వాయువులతో నడిచే మగ్గంలాంటి యంత్రంతో తన మనసును ఆడిస్తోందని నమ్మిన ఒక రోగి గురించి లండన్‌లోని బెత్లెం ఆసుపత్రికి చెందిన జాన్ హాస్లమ్ 1810లోనే వివరంగా గ్రంథస్థం చేశాడు. ఇలాంటి మాటలు మానసిక వ్యాధిలోనే కాక జ్వరంలో, విషప్రభావంలో, మూర్ఛలో, మెదడువాపులో కూడా వినిపిస్తాయి కాబట్టి, మీ వైద్యురాలు అతని మాట నిజమా భ్రమా అన్న తీర్పును పక్కన పెట్టి, ప్రాణానికి ముప్పు తెచ్చేవాటిని, వెంటనే సరిదిద్దగలిగేవాటిని ముందుగా వెతుకుతుంది.

ఓడలో ఆ వెతుకులాట గాలితో మొదలవుతుంది. భూమి మీది గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అది దాదాపు పది రెట్లు ఉండటం మామూలే. దానికి తోడు భారరహిత స్థితిలో వెచ్చని గాలి పైకి లేవదు. నిద్రపోతున్న మనిషి వదిలిన ఊపిరిని ఫ్యాను తరలించకపోతే అది ముఖం చుట్టూ బుడగలా నిలిచిపోతుంది, అతడు దాన్నే మళ్లీ పీలుస్తాడు. ఆ వాయువు మోతాదు పెరిగేకొద్దీ తలనొప్పి, బుద్ధి మందగించడం, ఉక్కిరిబిక్కిరి, కారణం తెలియని భయం కలుగుతాయి. మీ నావికుడు కేకలు పెట్టేది రాత్రిళ్లే అన్నారు కదా! వైద్యురాలు అతని పడక పక్కనున్న గాలిగొట్టం జాలీ దగ్గర ఒక కాగితపు ముక్క పట్టుకుని, అది కదలకుండా నిలబడిపోవడం చూస్తే, ఆ ఒక్క దృశ్యం మీ యంత్రం కంటే బలంగా పాఠకుణ్ణి పట్టుకుంటుంది. (మీ ఓడలో కృత్రిమ గురుత్వం ఉంటే కాగితం ఘట్టం ఇంతగా పండదు, కానీ గాలి పరీక్ష తప్పదు.)

తర్వాత కళ్లు. కంటిపాపలు బాగా విప్పారి, నోరు ఎండిపోయి, ఒళ్లు కాలుతూ, గాలిలో కనిపించని దారాలను వేళ్లతో ఏరుతున్నాడంటే ఆమె మందుల పెట్టె లెక్క చూడాలి. అంతరిక్షంలో కడుపు తిప్పడాన్ని ఆపేందుకు పూర్వం వ్యోమగాములు వాడిన స్కోపోలమిన్ అనే మందు ఉమ్మెత్తలో ఉండేదే. ఉమ్మెత్త తిన్నవాడి వెర్రి ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. ఇక జ్వరం, రక్తంలో చక్కెర, ఉప్పు శాతం, ఆక్సిజన్ అనేవి నిమిషాల్లో తేలిపోయే పరీక్షలు. సన్నిపాతమైతే మనిషి స్పృహ గంటగంటకూ మారుతుంటుంది, ఇప్పుడు పోల్చినవాణ్ణి కాసేపటికి పోల్చుకోలేడు. నెలలను వెనక నుంచి చెప్పమంటే మధ్యలోనే దారి తప్పుతాడు. మానసిక వ్యాధిలో స్పృహ సాధారణంగా తేటగానే ఉంటుంది. ఈ తేడా తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు, పడక పక్కన పది నిమిషాలు కూర్చుంటే చాలు.

స్పృహ తేటగా లేకపోతే మెదడువాపును కూడా ఆమె మరిచిపోకూడదు. రోగి సొంత రోగనిరోధక వ్యవస్థే మెదడు కణాలు సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాల మీద దాడి చేసే వ్యాధిని జోసెప్ దల్మావ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 2007లో గుర్తించారు. పిచ్చి పట్టిందనుకున్న ఎంతోమంది యువతులకు, కొందరు యువకులకూ అసలు పేరు అప్పుడు దొరికింది. ఇక్కడ దాడి నిజంగానే జరుగుతోంది, కాకపోతే దాడి చేసేది దూరపు జీవి కాదు. వెన్నునీరు పరీక్షిస్తే ఇది బయటపడుతుంది, చికిత్సకు చాలామంది కోలుకుంటారు.

ఇక మీ యంత్రం సంగతి. మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ పుట్టుక మీ కథకు చాలా దగ్గరిది. సైన్యంలో ఉండగా గుర్రం మీద నుంచి పడి చావు తప్పించుకున్న, తర్వాత ఈఈజీని కనిపెట్టిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్‌కు అదే రోజు ఇంటి నుంచి తంతి వచ్చింది. దూరాన ఉన్న అక్కకు తమ్ముడికేదో అయిందని మనసులో తోచిందట. మనసు నుంచి మనసుకు ఏదో పయనించిందని నమ్మి, దాని జాడ వెతుకుతూ ఆయన మెదడు మీద పరిశోధనలకు దిగాడు. 1924లో మొదటిసారి మనిషి మెదడు తరంగాలను నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. ఆయన వెతికిన టెలిపతీ దొరకలేదు. తల మీద కొలిచే ఆ సంకేతం మైక్రోవోల్టుల్లో ఉంటుంది, 1.5 వోల్టుల చిన్న బ్యాటరీలో సుమారు లక్షో వంతు. తలకు అతికించిన తీగకే అంత బలహీనంగా అందేది కోట్ల కిలోమీటర్లు ఎలా దాటిందో కథలో మీరే చెప్పుకోవాలి, ఆ ఇబ్బంది వైద్యురాలిది కాదు. ఈఈజీ ఆమెకు చూపేది మూర్ఛ తరంగాలను. కణత భాగంలో పుట్టే మూర్ఛలో కాళ్లూచేతులూ కొట్టుకోకుండానే హఠాత్తుగా భయం, ముందే చూసినట్లు తోచే దృశ్యాలు, తనవి కావనిపించే జ్ఞాపకాలు రావచ్చు.

2006లో నాడీ వైద్యుడు ఓలాఫ్ బ్లాంకే బృందం ప్రకటించిన ఒక అనుభవం కూడా మీకు పనికొస్తుంది. మూర్ఛ శస్త్రచికిత్సకు ముందు ఒక యువతి మెదడులో ఎడమ కణత వెనుక భాగాన్ని సన్నని విద్యుత్తుతో తాకినప్పుడు, తన వెనుక ఎవరో నీడలా ఉన్నారని ఆమె చెప్పింది. ఆమె కూర్చుని మోకాళ్లు చుట్టుకుంటే ఆ నీడ కూడా కూర్చుని ఆమెను చుట్టుకుంది. ఆమె కార్డు చదవబోతే దాన్ని లాక్కోబోయింది. విద్యుత్తు ఆపితే నీడ లేదు.

ప్రశ్న: కారణం తేలేలోగా అతడు బయటి తలుపు తెరవబోతే వైద్యురాలు ఏం చేయాలి?

జవాబు: ఆపాలి, కట్టేయాలి. మత్తు ఇవ్వాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కోసం నాసా సిద్ధం చేసిన విధానంలో మణికట్లకు, చీలమండలకు టేపు చుట్టడం, సాగే తాళ్లతో బంధించడం, అవసరమైతే ఉపశమన మందు ఇవ్వడం ఉన్నాయి. ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో రోగికి చెబుతూనే చేయాలన్న సూచన కూడా ఉంది. "నిన్ను శిక్షించడం లేదు, తలుపు దగ్గర నువ్వు చనిపోకుండా పట్టుకుంటున్నాను" అన్న ఒక్క వాక్యం ఆమె చేత పలికించండి. "అదంతా నీ భ్రమ" అని మాత్రం అనిపించవద్దు. "నిజమే, నాకూ వినిపిస్తోంది" అని అసలే వద్దు. భూమికి ఫోను చేసి పెద్ద డాక్టరును అడిగే వీలు ఆమెకు లేదు: అంగారకుడి దూరానికే మాట వెళ్లడానికి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది, నక్షత్రాల మధ్య ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: చివరకు దాడి నిజమేనని ఆమె ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఇక్కడే మీ నవలకు మంచి అధ్యాయం దొరుకుతుంది. రోగి చేతిలో ఒక మీట పెట్టి, దాడి మొదలైన ప్రతిసారీ నొక్కమనాలి. ఓడ గమనం, దూరపు జీవి ఉన్న దిక్కు, అటునుంచి వచ్చే సంకేతాలు వేరొకరు వేరే పుస్తకంలో రాయాలి. ఒకరి రాత ఒకరు చూడకూడదు, గడియారాలు రెండూ ఒకటే చెప్పాలి. ఆ సంకేతాలను అడ్డుకునే తెర ఒకటి అమర్చి, దాన్ని దించిన రోజులు, ఎత్తిన రోజులు చీటీలు తీసి నిర్ణయించి, ఏ రోజు ఏదో రోగికీ, అతణ్ణి చూసుకునేవారికీ తెలియకుండా దాచాలి. పదిహేను రోజుల తర్వాత బల్ల మీద రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి, ఆమె వేలితో ఒక్కో గంటనూ పోల్చుకుంటూ పోవాలి. మీట నొక్కిన గంటలన్నీ తెర ఎత్తిన రోజుల్లోనే ఉన్నాయని తేలిన పేజీ దగ్గర ఆమె వేలు ఆగనివ్వండి.