ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రేషన్ ఎలా జరుగుతుంది? లాయర్ లేకుండా మనమే చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఫారం నింపడం పెద్ద పనేం కాదు, చాలా దేశాల్లో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. అసలు పని అంతకు ముందూ, ఆ తర్వాతా ఉంటుంది. మా చెల్లెలి సబ్బుల బ్రాండు విషయంలో ఈ తతంగమంతా దగ్గరుండి చూశాను కాబట్టి రాస్తున్నాను.

వరస ఇది. ట్రేడ్‌మార్క్ ఆఫీసులో దరఖాస్తు పెడతాం. అక్కడి ఎగ్జామినర్ (పరిశీలించే అధికారి) చూసి అభ్యంతరాలుంటే రాస్తారు, మనం జవాబిస్తాం. ఆయనకు సరేననిపిస్తే పేరు ఆ ఆఫీసు ప్రచురించే జర్నల్‌లో వస్తుంది. అప్పుడు ఎవరైనా వ్యతిరేకించడానికి గడువు ఉంటుంది: అమెరికాలో 30 రోజులు, ఐరోపా సమాఖ్యలో 3 నెలలు, భారత్‌లో 4 నెలలు. ఎవరూ అడ్డు రాకపోతే సర్టిఫికెట్ వస్తుంది. సాధారణంగా అది 10 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఎన్నిసార్లయినా రెన్యూవల్ చేయించుకోవచ్చు.

పేరు సంగతి. సరుకు గురించి వర్ణించే పేరు పెట్టుకుంటే ఎగ్జామినర్ దగ్గరే ఆగిపోతుంది. సబ్బుకి ‘మృదువు’ అని పెడితే ఆ మాట అందరిదీ, మీకొక్కరికే ఎలా ఇస్తారు? 1888లో రిజిస్టరైన కొడాక్ పేరు చూడండి. దానికి అర్థమే లేదు, జార్జ్ ఈస్ట్‌మన్ సొంతంగా అల్లిన మాట. నన్నడిగితే పేరు ఇలా ఉంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మిగతా సగం సరుకుల జాబితాలో ఉంది. దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. సరుకుల్నీ సేవల్నీ కలిపి 45 క్లాసులుగా విడగొట్టారు. మామూలు సబ్బులు 3లో, మందు సబ్బులు 5లో, కొవ్వొత్తులు 4లో వస్తాయి. మా దరఖాస్తు పెట్టిన కన్సల్టెంట్, చెల్లెల్ని ఒక్క మాటైనా అడగకుండా, ‘ముందుముందు పనికొస్తుంది’ అని 5 కూడా చేర్చేశాడు.

జర్నల్‌లో వచ్చాక, ఇక గడువు ముగుస్తోందనగా అపోజిషన్ నోటీసు వచ్చింది. చర్మానికి రాసే మందు క్రీములు అమ్మే ఒక కంపెనీ పంపింది. వాళ్ల పేరూ మా పేరూ పలకడంలో దగ్గరగా ఉంటాయి. మా చెల్లెలు అచ్చుల్లో పోస్తున్న సబ్బు అలాగే వదిలేసి, “పేరు మార్చేద్దాం అక్కా” అంది. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో ఉన్న కాగితాలన్నీ నేలమీద పరిచాం. బిల్లులు, కొరియర్ రసీదులు, మొదటి లేబుల్ ప్రూఫ్ (అచ్చుకు ముందు చూసుకునే నమూనా). ఆ ప్రూఫ్ అంచున ప్రెస్ అతను నీలం బాల్‌పెన్నుతో తేదీ వేసి, చెల్లెలితో సంతకం పెట్టించుకున్నాడు. అవన్నీ లాయర్ దగ్గరికి పట్టుకెళ్తే, ఆవిడ ఆ ప్రూఫ్‌నే ముందు చేతిలోకి తీసుకున్నారు. మేం ముచ్చటపడి పెట్టుకున్న ఫొటోల్ని మాత్రం, తేదీ లేదని పక్కన పెట్టేశారు. అమెరికా, భారత్ లాంటి చోట్ల ముందు నుంచి వాడుతున్నవాళ్లకు బలం ఉంటుంది, కాబట్టి తేదీ ఉన్న ప్రతి కాగితమూ దాచుకోండి. చైనాలో అలా కాదు, ముందు దరఖాస్తు పెట్టినవాళ్లదే పైచేయి.

తర్వాత లాయర్ అడిగిన ప్రశ్న ఒక్కటే: “మీరు మందు సబ్బులు ఎప్పుడైనా అమ్మారా?” లేదు. అమ్మే ఆలోచన కూడా లేదు. “మరి 5 ఎందుకండీ?” అన్నారు. ఆ క్లాసు వదులుకుంటామని రాసి పంపాం, అవతలివాళ్లు అపోజిషన్ వెనక్కి తీసుకున్నారు. మాకు కావలసిన 3 మాకు దక్కింది. అమ్మని సరుకు జాబితాలో పెడితే ఊరకే లేనిపోని పగలు తెచ్చుకోవడమే. పైగా ఐరోపా సమాఖ్యలో 5 ఏళ్లు వరసగా వాడకపోతే ఆ సరుకుల వరకూ మార్కు రద్దు చేయించే వీలు ఎదుటివాళ్లకు ఉంటుంది. అందుకే నా మాట: దరఖాస్తు మీరే పెట్టుకోండి, అమ్మేవే రాయండి, అపోజిషన్ వస్తే మాత్రం ఆలోచించకుండా లాయర్ దగ్గరికి వెళ్లండి.

దరఖాస్తుకు ముందు వెతకడం మానొద్దు. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వాళ్ల గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ ఉచితం, దానితో పాటు మీ దేశపు రిజిస్టరూ చూడండి. స్పెల్లింగ్ ఒక్కటే చూస్తే చాలదు, చెవికి ఒకేలా వినిపించేవీ చూడాలి. ఐరోపా సమాఖ్య ఆఫీసయితే పాత మార్కుతో పోలిక ఉందని తనంతట తాను ఆపదు, ఆ పాత మార్కు యజమానే వచ్చి అడ్డుపడాలి. కంపెనీ పేరు రిజిస్టరైంది, డొమైన్ కొన్నాం, ఇక పేరు మాదే అనుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అవి వేరు, ఇది వేరు. సర్టిఫికెట్ రాకముందే గుండ్రటి గీతలో ఆర్ గుర్తు వేసుకోవడం చాలా దేశాల్లో నేరం. అప్పటిదాకా టీఎం అని వేసుకోండి.

ఇంకొకటి. జర్నల్‌లో పేరు రాగానే, సర్కారీ ముద్రల్లాంటివి వేసుకుని ‘ప్రచురణ రుసుము కట్టండి’ అంటూ ఉత్తరాలు మొదలవుతాయి. మాకూ వచ్చాయి. మన పేరు, నంబరు, లోగో అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఎందుకంటే అవన్నీ జర్నల్‌లో అందరికీ కనిపిస్తాయి. కష్టపడి చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్లను ఇలా దోచుకోవడం కంటే నీచం ఉండదు. ఏ బిల్లు వచ్చినా, ఆఫీసు సొంత సైట్‌లో మీ దరఖాస్తు నంబరు కొట్టి, నిజంగా బాకీ ఉందో లేదో చూసుకున్నాకే కట్టండి.