పాత కంప్యూటర్‌లో అప్‌డేట్లు విఫలమవుతూ, వైరస్ అనుమానం కూడా ఉంటే ముందు ఏది సరిచేయాలి?

ముందు మాల్వేర్‌ను (వైరస్ వంటి హానికర సాఫ్ట్‌వేర్‌ను) తొలగించండి. ఎందుకంటే కొన్ని మాల్వేర్లు తమను తాము కాపాడుకోవడానికి విండోస్ అప్‌డేట్ సర్వీసును నిలిపివేస్తాయి, హోస్ట్స్ ఫైలును (ఏ వెబ్ చిరునామాకు ఎటు వెళ్లాలో కంప్యూటర్‌కు చెప్పే ఫైలును) మార్చి అప్‌డేట్ సర్వర్లకు దారి మూసివేస్తాయి. ముఖ్యమైన పత్రాలను, ఫొటోలను వేరే డిస్కులోకి కాపీ చేసుకుని (ఈ పనిని దయచేసి వాయిదా వేయకండి), విండోస్‌లోనే ఉండే విండోస్ సెక్యూరిటీ యాప్‌లో డిఫెండర్ (మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్) ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. విండోస్ మొదలుకాక ముందే అది పనిచేస్తుంది కనుక, దాగి ఉన్న మాల్వేర్ కూడా దొరికే అవకాశం ఎక్కువ. తరువాత సి డ్రైవులో తగినంత ఖాళీ ఉందో లేదో చూసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోలో) డిస్మ్ (DISM), ఎస్ఎఫ్‌సీ (SFC) అనే మరమ్మతు ఆదేశాలతో చెడిన సిస్టమ్ ఫైళ్లను సరిచేయండి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. కాబట్టి అప్‌డేట్లు అసలు కనిపించకపోవడానికి కారణం అదే కావచ్చు. మాల్వేర్ మళ్లీ తలెత్తితే, వేరే కంప్యూటర్‌లో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌తో విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే సురక్షితమని నా అభిప్రాయం.