వగరు మీద చదువు.. ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, నీట్‌లో ర్యాంకు రాలేదు. ఇప్పుడు ప్లమ్, పీచ్ లాంటి పండ్లలోని పాలీఫెనాల్స్ మీద పరిశోధన చేస్తానంటోంది. పండ్ల మీద చదువేమిటని ఇంట్లో అందరికీ టెన్షన్. - ఒక తల్లి

జవాబు: అమ్మా, మామిడి జీడి కొరికితే నోరు పట్టేస్తుంది కదా, ఆ వగరు పాలీఫెనాల్స్ అనే మొక్కల రసాయనాలదే. అవి లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల నాలుక అలా అవుతుంది. మామిడీ ప్లమ్‌లాగే టెంక పండే. ప్లమ్‌లో ఇవి గుజ్జు కంటే తొక్కలోనే ఎక్కువ.

ఈ చదువంతా కొలవడమే. డీపీపీహెచ్ అనే ఊదా రంగు ద్రావణంలో పండు సారం కలిపితే, అందులోని పాలీఫెనాల్స్ లాంటి యాంటీఆక్సిడెంట్ల బలాన్ని బట్టి రంగు వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఎంత వెలిసిందో స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 517 నానోమీటర్ల దగ్గర చూస్తారు. మొత్తం పాలీఫెనాల్స్ లెక్కకు ఫోలిన్ పరీక్ష చేస్తే నీలం వస్తుంది. విటమిన్ సి ఉన్నా ఆ నీలం వస్తుంది. అక్కడ మోసపోకుండా ఉండటానికే కెమిస్ట్రీ గట్టిగా రావాలి.

ఒక్క జాగ్రత్త. పరీక్షనాళికలో పనిచేసింది ఒంట్లోనూ అంతే పనిచేస్తుందని చెప్పలేం. ఆహారాల యాంటీఆక్సిడెంట్ బలాన్ని అంకెల్లో చూపే తన ఓరాక్ పట్టికను అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తీసేసింది ఇందుకే. 'సూపర్ ఫుడ్' సర్టిఫికెట్ కోర్సులకు దయచేసి డబ్బు కట్టకండి.

బీఎస్సీలో కెమిస్ట్రీ గానీ బయోకెమిస్ట్రీ గానీ మేజర్‌గా తీసుకోమనండి. కాలేజీకి వెళ్లినప్పుడు ఫీజు కంటే ముందు ల్యాబ్ చూడండి. తర్వాత పీజీసెట్ రాసి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి ప్రయత్నించొచ్చు. బీటెక్ ఫుడ్ టెక్నాలజీకి బాపట్లలో కాలేజీ ఉంది. కేంద్ర ఆహార సాంకేతిక సంస్థ నిఫ్టెమ్‌లో బీటెక్‌కు జేఈఈ మెయిన్ కావాలి కాబట్టి బైపీసీతో కుదరదు.

ఉద్యోగం సంగతి. పండులోని పాలీఫెనాల్స్‌ను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రమే మీ పక్కనున్న పరవాడ ఫార్మా సిటీలో మందుల నాణ్యత చూడటానికీ వాడతారు. అది చేతికొస్తే పండ్ల ల్యాబ్ దొరక్కపోయినా పని దొరుకుతుంది. పీజీ చేసి, ఆహార పరీక్షల్లో మూడేళ్ల అనుభవం వచ్చాక ఫుడ్ అనలిస్ట్ పరీక్ష కూడా రాయొచ్చు.

ఈ ఆదివారం పూర్ణా మార్కెట్లో రెండు పీచ్‌లు కొని ఇవ్వండి. ముక్కలు కోసి, సగానికి నిమ్మరసం రాసి, ఏది ఎంతసేపటికి నల్లబడిందో పావుగంటకోసారి రాసుకోమనండి. ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ రండి, కాలేజీల గురించి మాట్లాడుకుందాం.