జీ హారర్ షో, ఆహట్ రికార్డు చేసిన పాత క్యాసెట్లు: చీకటి చెడకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది: తొంభైల్లో కేబుల్లో వచ్చిన జీ హారర్ షో, ఆహట్‌లను ఇంట్లో వీసీఆర్‌తో రికార్డు చేసుకున్న వీహెచ్ఎస్ క్యాసెట్లు మూడు బయటపడ్డాయి. వీసీఆర్‌ని కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ డాంగిల్ పెట్టి ఎక్కిస్తే చీకటి సీన్లు బూడిద రంగులోకి మారాయి, దయ్యం వచ్చేముందు పాకే పొగ గళ్లుగళ్లుగా విరిగింది, హీరోయిన్ నోరు తెరిచిన కాసేపటికి గానీ అరుపు వినబడట్లేదు. క్యాసెట్లు పోయినట్టేనా?

పోలేదు. ఈ మూడు లోపాల్లో ఒక్కటి కూడా క్యాసెట్‌ది కాదు. మూడూ డాంగిల్, దానితోపాటు సీడీలో ఇచ్చే సాఫ్ట్‌వేర్ కలిసి చేసే పనులే. పెళ్లి వీడియో అయితే అదే డాంగిల్‌తో నెట్టుకొచ్చేయొచ్చు, ఎందుకంటే అందులో అంతా వెలుతురే. హారర్ సీరియల్ అలా కాదు. 1993లో జీలో మొదలైన హారర్ షో రామ్సే సోదరులది కాబట్టి పాడుబడ్డ హవేలీ, ఎరుపు నీలం లైట్లు, నేలమీద పొగ తప్పవు. 1995లో సోనీలో బీపీ సింగ్ మొదలుపెట్టిన ఆహట్‌కి పేరే అలికిడి అని. అందులో భయమంతా నిశ్శబ్దం మీద నడుస్తుంది. చీకటి, పొగ, ఎర్రలైటు, నిశ్శబ్దం: వీహెచ్ఎస్‌కి చేతకానివి సరిగ్గా ఈ నాలుగే. అందుకే కాస్త ఓపిక కావాలి.

ముందు క్యాసెట్‌ని చూడండి, వీసీఆర్‌లో పెట్టడం తర్వాత. పక్కనున్న చిన్న బొత్తాం నొక్కి మూత ఎత్తండి, టేపు మీద ముడతలు, నలుగుళ్లు ఉన్నాయేమో కనబడుతుంది. పైన ఉన్న కిటికీలోంచి టార్చిలైటు వేసి చుట్ట అంచు చూడండి. నల్లగా, నున్నగా మెరవాలి. తెల్లటి పొడిలాగో, సాలెగూడులాగో కనిపిస్తే అది బూజు. అలాంటి క్యాసెట్‌ని ఆడించొద్దు. బూజు వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది, అక్కణ్ణుంచి తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కీ ఎక్కుతుంది. దాన్ని విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. వెనకవైపు ఉండే రికార్డు ట్యాబ్ విరిగి లేకపోతే ఇప్పుడే విరిచేయండి. పొరపాటున రికార్డు నొక్కితే పోయిన ఎపిసోడ్ తిరిగి రాదు.

ఇరవై ఏళ్లుగా కదలని టేపు పొరలు ఒకదానికొకటి కొద్దిగా అతుక్కుని ఉంటాయి. కాబట్టి ప్లే నొక్కకుండా ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రివైండ్ చేయండి. చుట్టలో బిగువు సమంగా వస్తుంది. టేపు తెగి ఉంటే సెల్లోటేపు వేయొద్దు. దాని జిగురు వేడికి కారి, హెడ్‌లు బిగించి ఉండే, తిరిగే డ్రమ్‌కి పట్టుకుంటుంది. స్ప్లైసింగ్ టేపు వాడండి, అదీ డ్రమ్‌కి తగలని వైపే అతికించాలి.

వీసీఆర్ విషయానికొస్తే, రికార్డు చేసిన వీసీఆరే ఇంకా పనిచేస్తుంటే అంతకన్నా అదృష్టం లేదు, ట్రాకింగ్ (హెడ్ టేపు మీది గీతల వెంటే నడవడం) దానికే బాగా కుదురుతుంది. మన దేశపు టీవీ పద్ధతి పాల్‌లో, ఎస్‌పీ అనే మామూలు స్పీడులో బొమ్మ రాసి ఉన్న ఒక్కో గీత వెడల్పు 49 మైక్రాన్లు మాత్రమే. వేరే వీసీఆర్‌లో హెడ్ ఒక్క వెంట్రుక వాసి పక్కకి నడిచినా కింద నుంచి మంచు గీతలు మొదలవుతాయి. అప్పుడు ఆటో ట్రాకింగ్ ఆపేసి చేత్తో సరిచేయండి; ఒకే క్యాసెట్‌లో ఒక్కో వారం రికార్డింగుకి ఒక్కోలా సరిచేయాల్సి రావచ్చు. ఈ-180 క్యాసెట్‌లో మూడు గంటలకు మించి సరుకుందంటే అది ఎల్‌పీ అనే సగం స్పీడులో తీసింది. ఆ క్యాసెట్‌కి ఎల్‌పీ ఉన్న వీసీఆరే కావాలి.

హెడ్ శుభ్రం చేయకుండా మొదలుపెట్టొద్దు. కరెంటు తీసేసి, పైమూత విప్పి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన షామీ తోలు పుల్లని డ్రమ్‌కి మెల్లగా ఆనించి పట్టుకోండి. పుల్లని కదపకూడదు, రెండో చేత్తో డ్రమ్‌ని పైనుంచి తిప్పాలి. నాలుగైదు చుట్లు చాలు. పుల్లని పైకీ కిందికీ రుద్దితే హెడ్ పుటుక్కున విరుగుతుంది, ఇక ఆ వీసీఆర్‌ని పక్కన పెట్టేయడమే. చెవిలో పెట్టుకునే దూది పుల్లలైతే పోగులు హెడ్ సందులో చిక్కుతాయి, అదీ వద్దు.

ఇప్పుడు అరుపు ఆలస్యం సంగతి. ఒక వారం రికార్డింగు ఆగి ఇంకో వారం మొదలయ్యే చోట, టేపు నలిగిన చోట సిగ్నల్ ఒక్క క్షణం తప్పుతుంది. డాంగిల్ ఆ క్షణంలో ఫ్రేములు వదిలేస్తుంది, శబ్దం మాత్రం వదలకుండా రాసుకుంటూ పోతుంది. మూడు గంటల క్యాసెట్ అంటే 2,70,000 ఫ్రేములు. అందులో 50 పోతే రెండు సెకన్ల తేడా. బొమ్మ ముందుకెళ్తుంది, అరుపు వెనకబడుతుంది. ఒక చోట ఉన్నట్టుండి తేడా వస్తే కారణం ఇదే. మొదట్నుంచి కొంచెం కొంచెంగా పెరుగుతూ వస్తే ఫ్రేములు పోలేదు, బొమ్మకీ శబ్దానికీ గడియారాలు వేరువేరుగా నడుస్తున్నాయని అర్థం. దానికి శబ్దం నిడివిని ఆ మేరకు సాగదీస్తే లేదా కుదిస్తే సరిపోతుంది.

ఫ్రేములు పోకుండా ఉండాలంటే వీసీఆర్‌కీ డాంగిల్‌కీ మధ్య సిగ్నల్‌ని నిలబెట్టే పరికరం ఒకటి కావాలి. ఆ పని కోసమే చేసిన అసలైన టీబీసీ (టైమ్ బేస్ కరెక్టర్) దొరకడం కష్టం. దాని బదులు పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 లాంటి పాత డీవీడీ రికార్డర్‌ని మధ్యలో పెట్టి, రికార్డు చేయకుండా సిగ్నల్‌ని దానిగుండా పోనిస్తే చాలు. పైన వంకరపోయే గీతలు కూడా నిటారవుతాయి. దాని మెనూలో లైన్-ఇన్ నాయిస్ రిడక్షన్ ఆపేయడం మర్చిపోకండి, లేకపోతే పొగంతా మైనంలా ముద్దగా కనిపిస్తుంది. వీసీఆర్ నుంచి యాంటెన్నా తీగ వాడొద్దు. పసుపు పిన్ను వాడండి, ఎస్-వీడియో ఉంటే ఇంకా మేలు.

డాంగిల్ సీడీ సాఫ్ట్‌వేర్ పక్కన పడేయండి. పొగని గళ్లు చేసేది అదే. పొగలో ప్రతి ఫ్రేమూ ముందు ఫ్రేములా ఉండదు, కదలికకి దిశ ఉండదు. వీడియో కుదింపు పద్ధతులు ఎక్కువగా నమ్ముకునేది ఆ రెండింటినే. తక్కువ బిట్‌రేటులో ఎంపెగ్‌కి మార్చేసరికి గళ్లు తేలతాయి. వర్చువల్‌డబ్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్యాప్చర్ చేయండి: పాల్-బీ, 720×576, సెకనుకి 25 ఫ్రేములు, రంగుల పద్ధతి వైయూవై2, కుదింపుకి నాణ్యత పోగొట్టని హఫ్‌వైయూవీ. శబ్దం 48,000 హెర్ట్జ్, 16 బిట్. గంటకి సుమారు 30 నుంచి 40 జీబీ పడుతుంది, కాబట్టి ఒక క్యాసెట్‌కి 120 జీబీ ఖాళీ ఉన్న విడి డిస్కు పెట్టుకోండి. ఎక్కిస్తున్నంతసేపూ కంప్యూటర్‌ని ముట్టొద్దు, కింద కనిపించే డ్రాప్డ్ ఫ్రేముల లెక్క మాత్రం చూస్తూ ఉండండి.

అసలు విషయం చీకటి. డిజిటల్ వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. డాంగిల్ ఫైలు మీద ఆ గుర్తు తప్పుగా వేస్తే ప్లేయర్ సున్నా నుంచి 255 దాకా ఉందనుకుని, 16ని ముదురు బూడిదగా చూపిస్తుంది. హవేలీ రాత్రి మీకు తెల్లవారుజాములా కనబడింది అందుకే. దీన్ని చూసి బ్రైట్‌నెస్ తగ్గించేస్తారు చాలామంది. అప్పుడు 16 కంటే కిందికి జారినదంతా కత్తిరించుకుపోతుంది. తలుపు వెనక నిలబడ్డ మనిషి ఆకారం సరిగ్గా ఆ అంచునే ఉంటుంది. ఒకసారి పోతే మళ్లీ రాదు.

సరిచేసే పద్ధతి ఇదీ. వర్చువల్‌డబ్‌లో హిస్టోగ్రామ్ (ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా బొమ్మలో ఏది ఎంత ఉందో చూపే పటం) తెరవండి. ముందు బొమ్మ అంచుల్లోని నల్ల పట్టీలు, అడుగున ఆరేడు గీతల మేర కదిలే చెత్త లెక్కలోకి రాకుండా క్రాప్ చేయండి (ఆ చెత్త వీహెచ్ఎస్‌కి మామూలే, పాత టీవీల్లో అంచు ఫ్రేము వెనక దాగి ఉండేది). ఆ తర్వాత రాత్రి సీన్ ఒకటి ఆడించి, ఎడమవైపు ఎర్రగా మారకుండా బ్రైట్‌నెస్ పెట్టండి. కుడివైపు కొలవడానికి సీరియల్లో పనికొచ్చే వెలుతురు ఉండదు. మధ్యలో వచ్చే బట్టల సబ్బు ప్రకటన పట్టుకోండి, తెల్లచొక్కా కంటే మంచి కొలబద్ద లేదు! అక్కడ కాంట్రాస్ట్ సరిచేసి, క్రాప్ తీసేసి, ఇక ఆ క్యాసెట్ అయ్యేదాకా దాన్ని మార్చొద్దు. సీన్ సీన్‌కీ వెలుతురు పెంచడం నాకైతే అస్సలు నచ్చదు. దర్శకుడు కనబడకూడదనుకున్నది కనబడితే అక్కడ మిగిలేది థర్మాకోల్ గోడా, రబ్బరు ముసుగూ.

ఎర్రలైటు సీన్లలో రంగు ముఖం గీత దాటి కుడివైపుకి కారుతుంది. వీహెచ్ఎస్ అడ్డంగా వెలుతురు వివరం 240 గీతల దాకా పట్టుకుంటుంది, రంగు మాత్రం 40 దగ్గరే ఆగిపోతుంది. రంగుని మాత్రమే రెండు మూడు పిక్సెళ్లు ఎడమకి జరిపితే కాస్త కుదురుతుంది. అంతకుమించి ఆశపడొద్దు.

ఎక్కించడం అయ్యాక ఫ్రేము ఫ్రేముగా జరిపి చూడండి. కదిలే మనిషి అంచున దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే అది వీడియో కెమెరాతో తీసింది, సెకనుకి 50 ఫీల్డులు, అంటే సగం సగం ఫ్రేములు. క్యూటీజీఎంసీ అనే స్క్రిప్టుతో డీఇంటర్లేస్ చేసి, అంటే ఆ సగాల్ని పూర్తి ఫ్రేములుగా చేసి, 50 ఫ్రేములకి మార్చండి. 25కి దించితే అప్పటి టీవీ సీరియల్ నడక పోయి సినిమాలా అనిపిస్తుంది. దువ్వెన లేకపోతే అది ఫిల్ము మీద తీసిన ముక్క, అలాగే వదిలేయండి. తర్వాత 768×576కి సాగదీసి ఎక్స్264 అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో సీఆర్ఎఫ్ (నాణ్యత అంకె) 16 లేదా 17, ఏక్యూ మోడ్ 3 పెట్టండి. ఆ మోడ్ చీకటి భాగాలకి ఎక్కువ బిట్లు కేటాయిస్తుంది. మీకు కావలసిందదే. నాయిస్ తీసే ఫిల్టర్ గట్టిగా వేస్తే కదిలే మనిషి వెనక నీడ తోకలా సాగుతుంది. దయ్యాల సీరియల్లో లేని దయ్యాన్ని మనమే పుట్టించినట్టవుతుంది. ఏఐతో 4కేకి పెంచే సాఫ్ట్‌వేర్లు ముఖాల్ని మైనపు బొమ్మలు చేస్తాయి, వాటి జోలికే పోవద్దు.

శబ్దం గురించి చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఇళ్లలో వాడే వీసీఆర్‌లు మామూలు ట్రాకు మీద రికార్డు చేసేటప్పుడు శబ్దాన్ని వాటంతటవే పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. సీన్ నిశ్శబ్దమైతే వీసీఆర్ లెవెల్ పెంచుతుంది, దాంతో 'ష్‌ష్' అనే హోరు నెమ్మదిగా పైకి లేస్తుంది. దయ్యం ఊడిపడగానే ఒక్కసారి అణిగిపోతుంది, దాని వెంటనే వచ్చే మాటలు సన్నగా వినబడతాయి. అంటే క్యాసెట్ మీద చూసినవాళ్లకి ఏదో రాబోతోందని ఆ హోరే ముందుగా చెప్పేసేది, సంగీతం కంటే ముందే. నాయిస్ రిడక్షన్‌తో దాన్ని తుడిచేస్తే సీన్ చచ్చిపోతుంది. కేబుల్ తీగ ద్వారా వచ్చే గుంయ్‌మనే మోత మాత్రం తీసేయొచ్చు: 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర ఆ ఒక్కో స్వరాన్ని మాత్రమే కోసే సన్నటి నాచ్ ఫిల్టర్లు చాలు. పెద్ద చిన్న శబ్దాల్ని సమం చేసే కంప్రెసర్ వేయొద్దు, వీసీఆర్ ఆ పని ఒకసారి చేసేసింది.

ప్రకటనలు కోసేయొద్దు. ఆహట్ ఎపిసోడ్లు సోనీ వాళ్ల యూట్యూబ్ ఛానెల్లో చాలానే ఉన్నాయి, కథ కోసమైతే అక్కడే చూడొచ్చు. మీ క్యాసెట్‌లో ఉన్నది ఆ రాత్రి ప్రసారం, బ్రేకుకి ముందు ఆగిన తలుపు చప్పుడుతో సహా. తేదీ తెలుసుకోవడానికీ ప్రకటనలే ఆధారం: క్రికెట్ సిరీస్ ప్రోమో, మూలన ఉన్న ఛానెల్ లోగో రూపం, రాబోయే సినిమా ప్రకటన చూస్తే నెల దాకా పట్టుకోవచ్చు. హారర్ షో కథలు వారాల తరబడి సాగేవి కాబట్టి మొదటి భాగం ఒక క్యాసెట్‌లో, ముగింపు ఇంకో క్యాసెట్ చివర మిగిలిన పది నిమిషాల్లో ఉండొచ్చు. మూడు క్యాసెట్లూ పూర్తిగా, ఖాళీగా కనిపించే చివరి భాగంతో సహా ఎక్కించాకే కోతలు మొదలుపెట్టండి. పెళ్లి రిసెప్షన్ మధ్యలో అయిదు నిమిషాల హవేలీ దొరకడం అరుదేం కాదు.

పనయ్యాక క్యాసెట్లని పూర్తిగా రివైండ్ చేసి, పుస్తకాల్లా నిలబెట్టి, తేమ లేని చోట పెట్టండి, పారేయొద్దు. హఫ్‌వైయూవీ ఫైళ్లు భారమనిపిస్తే ఎఫ్ఎఫ్‌వీ1కి మార్చండి, నాణ్యత పోకుండా ఇంకాస్త తగ్గుతాయి. ఎపిసోడ్లు మొత్తంగా ఆన్‌లైన్లో పెట్టేముందు మాత్రం ఆగండి, వాటి హక్కులు ఛానెళ్లవి. మీ వీసీఆర్ మోడల్, డాంగిల్ చిప్ పేరు కింద రాస్తే ఏ డ్రైవర్ పెట్టాలో చెప్తాను.