లైంగిక నేరస్థుల జాబితాను మనం చూడొచ్చా?

విజయనగరంలో మా పాపను బడికి తీసుకెళ్లే ఆటో డ్రైవర్ పేరు లైంగిక నేరస్థుల జాబితాలో ఉందేమో ఎలా చూడాలని ఒక తల్లి అడిగారు.

మనం చూడలేమండీ. 2018 సెప్టెంబరు నుంచి మన దేశంలో అలాంటి జాబితా ఉంది. అత్యాచారం, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) వంటి కేసుల్లో శిక్ష పడ్డవాళ్ల ఫొటోలు, చిరునామాలు, వేలిముద్రలు అందులో ఉంటాయి. అయితే అది పోలీసులు, దర్యాప్తు సంస్థల కోసమే. అందులో వివరాలు చేర్చేది కూడా పోలీసులే.

డ్రైవర్‌కు పోలీసు వెరిఫికేషన్ అయిందా అని బడిలో అడగండి, కాగితం చూపించమనండి. అంతకంటే పాపను గమనించడం ముఖ్యం. శిక్ష పడనివాళ్లు ఏ జాబితాలోనూ ఉండరు కదా. ఆటో హారన్ వినగానే బ్యాగు వదిలేసి మీ కొంగు పట్టుకుంటోందా? దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి.

అనుమానం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ, స్టేషన్‌కు గానీ చెప్పండి. దయచేసి పెద్దమనుషుల దగ్గర తేల్చుకోవద్దు. పోక్సో నేరం తెలిసీ దాచితే 6 నెలల వరకు, సంస్థ బాధ్యులైతే ఏడాది వరకు జైలు పడొచ్చు.